ముప్పై ఒకటో డ్రమ్ములోని అల్లుడు

కార్తీకం 4
పొద్దుటి చలి: 5 డిగ్రీలు. మట్టి తడి: చాలు. బతికినవి: 31. పోయినవి: 0.
ఇతర విషయాలు:

ఈ పుస్తకంలో రోజుకు ఐదు గడులు నింపాలి. మొదటి నాలుగూ కలిపినా వేలెడంత లేవు. ఐదోది మాత్రం సగం పేజీ ఉంది. అంత చోటు వదిలారంటే రాయమనే కదా. విత్తనాల ఆఫీసులో దీన్ని తనిఖీ చేసే సారు ఎవరో నాకు తెలియదు. ఇంతకు ముందు ఈ పని చేసినాయన ఐదో గడిలో "ఏమీ లేదు" అని నాలుగేళ్ళు రాశాడట. నాకు అంత ఓర్పు లేదు. సారూ, మీరే కాస్త ఓపిక పట్టండి.

నా పేరు నవత. జనగామ మూడో మిద్దె పైకప్పు మీద ఉన్న ముప్పై ఒక్క ఈతచెట్ల సంరక్షణ ఈ నెల నుంచి నాది. చెట్లన్నీ సగానికి కోసిన నీలి డ్రమ్ముల్లో ఉన్నాయి. ముప్పై ఆడవి, ఒక్కటి మగది. ఆడవాటికి అంకెలే పేర్లు. మగదాన్ని మాత్రం అందరూ అల్లుడు అంటారు. ముప్పై మంది కూతుళ్ళకు వాడొక్కడే మరి. ముందు నీళ్ళు వాడికే, మంచి గోనెసంచి వాడికే, గాలి తగలని మూల కూడా వాడిదే. ఇంత చేసినా మొహం ముడుచుకునే ఉంటాడు.

ఆ పేరు పెట్టింది మా మామ బాలనర్సయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళ గీత కార్మికుడు. ఆకాశంలో ఎండకు అడ్డంగా గొడుగు విప్పక ముందు రోజుకు నలభై ఈతచెట్లెక్కి కల్లు దింపినవాడు. ఎండలకు జనం పిట్టల్లా రాలుతున్నారని గొడుగు విప్పారు, పన్నెండేళ్ళయింది. ఎండలు తగ్గిన మాట నిజమే. చలికాలంలో దాన్ని ఎంత ముడవాలో మాత్రం విప్పినవాళ్ళకు ఇప్పటికీ చేతకాలేదు. మొదటి ఏటి చలికే మామ వనం మొత్తం నల్లబడింది. ఆ రోజు ఆయన తువ్వాలులో మూటగట్టి తెచ్చిన గింజల నుంచి మొలిచినవే ఇవన్నీ. మగచెట్లు ఇంకో ఎనిమిది ఉండేవట, ఎనిమిదో ఏటి చలికి పోయాయి.

అసలు సంగతి ఇంకా రాయలేదు. రెండేళ్ళుగా అల్లుడి పూత చలికి మాడిపోతోంది, గింజ కట్టడం లేదు. ఈ ఏడు కూడా కట్టకపోతే ఈ మిద్దెను ఆలుగడ్డలకు ఇస్తామని కాగితం వచ్చింది. ఆలుగడ్డల మీద నాకు పగ లేదు, మూడు పూటలా వాటినే తింటున్నాం. కానీ ఆ కాగితాన్ని మామకు చదివి వినిపించాల్సింది నేను. వినిపించాను. "ఎంతమంది గావాలె వాళ్ళకు? వంద గింజలా, వెయ్యి గింజలా?" అని అడిగాడు. గింజల్ని కూడా మనుషుల్లాగే లెక్కపెడతాడు.

కార్తీకం 11
పొద్దుటి చలి: 3. మిగతావి మామూలే.

ఈ వారమంతా డ్రమ్ముల్ని ఇటుకల మీదికి ఎక్కించడమే పని. నేలమీద ఉన్న చెట్టుకు భూమి వేడి ఉంటుంది. డ్రమ్ములో ఉన్నదానికి అది లేదు, నాలుగు వైపుల నుంచీ చలి వేళ్ళకే తగులుతుంది. అందుకని కింద ఇటుకలు, చుట్టూ గోనెసంచి, సంచికీ డ్రమ్ముకూ మధ్య వరి ఊక. పైన ఆకుమట్టలన్నీ కూడదీసి నిలువుగా కట్టేయాలి. అప్పుడు నడిమధ్య ఉండే మొవ్వు, అంటే కొత్త ఆకు పుట్టే గుండె, ఆ మట్టల మధ్య వెచ్చగా ఉంటుంది. మొవ్వు బతికితే చెట్టు బతికినట్టు. చెట్టుకు అదొక్కటే ఉంటుంది.

మట్టలు కట్టడానికి తాడు కావాలంటే మామ తన మోకు తెచ్చాడు. నడుముకు చుట్టుకుని చెట్టెక్కే తాడు అది. "గీ చెట్లు నా మోకాలంత లేవు, ఎక్కేదేముంది, కట్టుకో" అన్నాడు. కట్టాను గానీ, సరిపోయేలా ముక్కలు చేద్దామని కత్తెర తీస్తే మాత్రం చేయి పట్టుకున్నాడు. దాంతో పదహారు మూరల తాడునూ అలాగే చుట్టి ఏడో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా లాగాను. మూడు చెట్లూ ఒకే తాడుకు కట్టిన మేకల్లా ఉన్నాయి.

అల్లుడి మట్టలు ఇంకా కట్టలేదు. వాడిది వెడల్పాటి తల, ఇద్దరం కలిసి పట్టుకోవాలి.

కార్తీకం 15
పొద్దుటి చలి: 3.

ఈ రోజు గురించి రాయాలని లేదు. రాయాలి.

మధ్యాహ్నం గోనెసంచుల కోసం కిందికి వెళ్ళాను. వంటశాలలో వరుస పెద్దగా ఉండి గంట పట్టింది. పైకి వచ్చేసరికి మామ అల్లుడి ముందు గొంతుక్కూర్చుని గీతకత్తి తుడుచుకుంటున్నాడు. అల్లుడికి ఒక పక్క మట్టల్లేవు. మొదలంటా నున్నగా చెక్కేశాడు. పైన కూడా నాలుగు మట్టలు తప్ప అన్నీ నేల మీద ఉన్నాయి.

"గిదేంది మామా?"

"కార్తీక పున్నమి గద బిడ్డా. మొఖం జేసిన." ఆయన ముఖం వెలిగిపోతోంది. "మా నాయిన నుంచి గిదే రోజు. పున్నమి నాడు మట్టలు గొట్టి మొఖం జేస్తెనే ఈత మంచిగ ఊరుతది. జూడు, అల్లునికి గడ్డం గీసినట్టు లేదా?"

ఈత కల్లు చలికాలపు కల్లు. తరతరాలుగా ఈ నెలలోనే మట్టలు కొట్టి, కల్లు ఊరే చోట చెక్కారు, అదే మొఖం. ఆ రోజుల్లో చలి అంటే దుప్పటి కప్పుకునే చలి. నీళ్ళు రాయయ్యే చలి కాదు. ఆయన చేతికి ఆ తేడా తెలియదు, పున్నమి మాత్రమే తెలుసు. అందరిలో ముందు అల్లుడికే ఎందుకు చేశాడంటే, అందరికంటే ముద్దు వాడే గనుక.

నేను అరిచాను. "ఆ మట్టలే వాని దుప్పటి మామా! మొవ్వును దేంతోని కప్పాలె ఇప్పుడు?" అని. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. మామ ముఖంలో వెలుగు పోయింది. కిందపడిన మట్టను తీసి చెట్టుకు ఆనించి చూశాడు, అతుక్కుంటుందేమో అన్నట్టు. అయినా చేయి చాపి కత్తి అడిగాను. అరవై ఏళ్ళుగా ఆయన నడుముకు ఉన్న కత్తి అది. పిడి నావైపు తిప్పి ఇచ్చాడు. ఈ పుస్తకం పెట్టే ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశాను.

కార్తీకం 22
పొద్దుటి చలి: 1.

వారం రోజులుగా మామ గోడవైపు తిరిగి తింటున్నాడు. మా ఆయన శ్రవణ్‌ను మధ్యలోకి లాగితే "మీరూ మీరూ తేల్చుకోండి, నాకు గోదాము డ్యూటీ ఉంది" అని తప్పుకున్నాడు. కొడుకు పుట్టింది ఇందుకేనా అని మామ అనలేదు గానీ, అంటే నేనూ కలిపేదాన్ని.

మైకులో చెప్పారు: మార్గశిరం మూడు నుంచి గొడుగుకు మరమ్మతు. పన్నెండు రోజులు దాన్ని ముడవడం కుదరదట. చలి సున్నాకు ఆరు కిందికి దిగొచ్చు. కరెంటు మొత్తం ఆసుపత్రికీ ధాన్యం గోదాముకూ పోతుంది. అంటే డ్రమ్ములకు చుట్టిన వేడి తీగలు ఉన్నా లేనట్టే.

అల్లుణ్ణి లోపలికి తీసుకుపోదామని కొలిచాను. డ్రమ్ము మెట్ల తలుపు కంటే జానెడు వెడల్పు. పెట్టేటప్పుడు చిన్న డ్రమ్ములో పట్టేవాడట, తర్వాత పెద్దదాన్ని తాళ్ళతో పైకి లాగి మార్చారు. మరీ ముద్దుగా పెంచారు.

మార్గశిరం 1
పొద్దుటి చలి: 0.

పొద్దున్నే మామ మంచం కింద నుంచి గోనెమూట ఒకటి ఈడ్చుకుంటూ మిద్దెక్కాడు. విప్పితే పద్దెనిమిది లొట్లు, కల్లు కుండలు. ఒక్కటీ పగల్లేదు. పన్నెండేళ్ళుగా గడ్డిలో చుట్టి దాచాడు.

నన్ను చూడకుండా, డ్రమ్ముతో చెప్పినట్టు చెప్పాడు. "కల్లు వోద్దామంటె చెట్టు లేదు. ఏడినీళ్ళు వోస్తె లొట్టి వద్దంటదా?"

బుర్రలో దీపం వెలిగినట్టయింది నాకు. సాయంత్రం వంటశాల పొయ్యిలు ఆర్పేముందు గంజి డేగిసాల్లో నీళ్ళు కాగబెట్టి, లొట్లు నింపి, మూతి బిగించి, డ్రమ్ము చుట్టూ పెట్టి పైన గోనె కప్పితే తెల్లారేదాకా గోరువెచ్చగా ఉంటుంది. అల్లుడికి ఆరు, మిగతావి బలహీనంగా ఉన్న ఆడవాటికి.

ఇక తల సంగతి. పక్క వాటాలో ఉండే సాయమ్మ బుట్టలు అల్లుతుంది. మామ కొట్టేసిన మట్టల్ని ఎండబెట్టి ఉంచింది ఆమె, ఊరికే పోతాయని. వాటితోనే పెద్ద గంప ఒకటి అల్లి ఇచ్చింది. అల్లుడి తలమీద బోర్లించాం. "పెండ్లికొడుకు బాసింగం మర్శిపోయి గంప వెట్టుకొచ్చిండు" అంది సాయమ్మ. మామ నవ్వాడు. పదిహేను రోజుల్లో అదే మొదటి నవ్వు. నేను మాత్రం ఇంకా పెట్టె తాళం తీయలేదు.

మార్గశిరం 5
పొద్దుటి చలి: సున్నాకు 4 కింద.

చెట్లన్నీ ఉన్నాయి. పొద్దున లొట్ల మీద చేయి పెడితే నులివెచ్చగా తగిలింది. చలికి వేళ్ళు వంగక ఇది రాయడానికి అరగంట పట్టింది.

మార్గశిరం 8
పొద్దుటి చలి: సున్నాకు 6 కింద.

పదకొండు గంటలకు కాస్త ఎండ వచ్చింది. మామ గంపకు చెవి ఆనించి, తర్వాత ముక్కు ఆనించి చూశాడు.

"లోపల చెమట వడుతున్నది బిడ్డా. ఒక గడియ గంప తీద్దాం. గాలి ఆడాలె."

నేను వద్దన్నాను. ఒకసారి చెట్టును ఆయనకు వదిలి వెళ్ళినందుకే ఇంతదాకా వచ్చిందని మనసులో ఉంది. ఆ మాట పైకి అనలేదు గానీ ఆయనకు వినపడింది. చేయి వెనక్కి తీసుకున్నాడు. గంప కదల్లేదు.

మార్గశిరం 11
పొద్దుటి చలి: సున్నాకు 8 కింద.

ఆరన్నారు, ఎనిమిది వచ్చింది. రెండు లొట్లు పగిలాయి. మామ పెంకులు ఏరి తువ్వాలులో కట్టుకున్నాడు.

మార్గశిరం 16
పొద్దుటి చలి: 4. బతికినవి: పోయినవి:

గొడుగు ముడిచారు. ఎండ చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆడవాటిని విప్పాం. పన్నెండో నంబరు పోయింది. మిగతా ఇరవై తొమ్మిదీ మొవ్వు పట్టి లాగితే కదల్లేదు. చెట్టు బతికిందో లేదో తెలుసుకునే పద్ధతి ఇదే. మొవ్వాకును మెల్లగా లాగాలి. బిగువుగా ఉంటే బతుకు, ఊడి చేతికొస్తే లేదు.

చివరికి అల్లుడు. గంప తీయగానే వెచ్చటి కుళ్ళు వాసన కొట్టింది. మామను లాగమన్నాను. "నా చెయ్యి మంచిది గాదు" అని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. నేనే లాగాను. లాగాను అనడం కూడా ఎక్కువే. మొవ్వు మూరెడు పొడవున ఊడి నా చేతిలోకి వచ్చింది. అడుగున ఉడికిన చామదుంపలా జారుతోంది.

చలి సగం చంపింది. చెమట సగం చంపింది. మట్టలు కొట్టింది మామ. గంప తీయనివ్వంది నేను. సారూ, ఇది మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఆయన పేరు ఒక్కటే రాయకండి. మామతో కూడా ఇదే చెప్పాను. "గంప సంగతి నువ్వు సరిగ్గనే జెప్పినవ్. నేనే ఇనలే." ఆయన మొవ్వు అందుకుని తువ్వాలులో, లొట్టి పెంకుల పక్కన పెట్టుకున్నాడు. "ఇద్దరం గల్సి జేసినం తియ్" అన్నాడు. నా తలమీద చేయి పెట్టాడు. నేను ఏడ్చాను.

ఊడిన చోట మైలుతుత్తం నీళ్ళు పోశాను. ఎందుకో నాకే తెలియదు. గడులు రెండూ ఖాళీగా వదిలేస్తున్నాను.

పుష్యం 9
పొద్దుటి చలి: 2. బతికినవి: పోయినవి:

మామ రోజూ అల్లుడికి నీళ్ళు పోస్తున్నాడు. గుండె లేని చెట్టుకు నీళ్ళెందుకని సాయమ్మ అడిగితే, "వేర్లకు తెల్వదు గదా" అన్నాడు. నేనూ గడులు నింపడం లేదు. ఆఫీసు నుంచి "వివరాలు అసంపూర్ణం" అని చీటీ వచ్చింది. దాన్ని పుస్తకంలోనే అతికించాను.

పుష్యం 21
పొద్దుటి చలి: 3.

"నవతా!"

మామ నన్ను పేరు పెట్టి పిలవడం పెళ్ళయిన పదహారేళ్ళలో ఇది రెండోసారి. ఏమయిందోనని చెప్పుల్లేకుండా పరుగెత్తాను.

ఆయన పున్నమి నాడు చెక్కిన మొఖం దగ్గర, నరికిన మట్ట మొదలు పక్కన, గోధుమరంగు డొప్ప ఒకటి బయటికి వస్తోంది. చూపుడు వేలంత ఉంది. ఈత పూత దాక్కునేది అలాంటి డొప్పలోనే.

మామే విడమరిచి చెప్పాడు. పూత మొవ్వులో పుట్టదు, పాత మట్టల సందుల్లో ముందుగానే కట్టుకుని ఉంటుంది. చెట్టు పోయేటప్పుడు కడుపులో ఉన్నదాన్ని కనేసి పోతుంది. కొన్నిసార్లు. అన్నిసార్లూ కాదు. పిడుగుపడి మాడిన చెట్టుకు ఆయన చిన్నప్పుడు ఒకసారి చూశాడట. మట్టలు దట్టంగా ఉండి ఉంటే ఇది మాకు ఇంత ముందుగా కనపడేది కాదు, పోయిన రెండేళ్ళలాగే విచ్చుకున్నాక మాడిపోయి కనపడేది. ఆ మాట నేను అన్నాను. మామ ముక్కు తుడుచుకున్నాడు.

డొప్పకు చలి తగలకూడదు, చెమటా పట్టకూడదు. మామ ఒక లొట్టికి లోపల పత్తి పరిచి, డొప్పమీద బోర్లించి, మోకుతో చెట్టుకు కట్టాడు. రెండు గడియలకోసారి తీసి గాలి ఆడనిచ్చాం. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు పెట్టాలో ఆయనే చెప్పాడు, నేను చేశాను.

పన్నెండేళ్ళ తర్వాత జనగామలో ఈతచెట్టుకు లొట్టి వేలాడుతోంది. చూడ్డానికి అన్ని వాటాల నుంచీ జనం వచ్చారు. ఒక ముసలాయన "కల్లెప్పుడు?" అని అడిగి తిట్లు తిన్నాడు.

మాఘం 6
పొద్దుటి చలి: 6.

డొప్ప మూరెడయింది. నిన్నటి నుంచి నడిమధ్య సన్నగా గీత కనపడుతోంది. తనంతట తను పగిలితే పుప్పొడి అంతా గాలికి పోతుంది. ఆడవాటి పూత కూడా నిన్ననే విచ్చుకుంది, ఇంతకంటే మంచి రోజు ఉండదు. కొయ్యాలి, అదీ ఈ రోజే. లోపలి పువ్వుల్ని కదిలించకుండా పైతోలు మాత్రమే కొయ్యాలి. ఒకటే డొప్ప ఉంది, రెండో అవకాశం లేదు.

పెట్టె తాళం తీశాను. కత్తి తీసి మామ ముందు పెట్టాను.

ఆయన దానివైపు చూడలేదు. "నువ్వే గొయ్యి. గా చేతితోనే గదా పాడుజేసిన."

"మామా, నాకు ఉల్లిగడ్డ గోసుడే సక్కగ రాదు. నువ్వే ఎక్కిరిస్తవ్ గద."

"వణుకుతున్నది బిడ్డా."

"వణకనియ్యి. నాకు నీ చెయ్యే గావాలె. అల్లునికి గూడ."

ఆయన కత్తి తీసుకుని అంచుమీద బొటనవేలు పెట్టి చూసి, "తుప్పు వట్టనిచ్చినవ్" అని నన్ను తిట్టాడు. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు. రాయిమీద నూరాడు. అల్లుడి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేయి డొప్పను తాకేదాకా వణికింది, తాకాక ఆగిపోయింది. పైనుంచి కిందికి ఒకే గీత. తోలు రెండుగా విడింది. లోపల తెల్లగా, పిండి చల్లినట్టు, పువ్వులు. కింద పట్టిన పళ్ళెంలో రాలింది కొంచెమే.

కాగితం మీద దులిపితే మూడు చెంచాల పుప్పొడి వచ్చింది. కోడి ఈకతో ఒక్కో ఆడచెట్టు పూతకూ అద్దుకుంటూ పోయాం. ప్రతి దాని దగ్గరా మామ ఏదో గొణిగాడు. మంత్రమేమో అనుకున్నాను. దగ్గరికి పోయి వింటే, "మీ ఆయన మంచోడమ్మా, జర సల్లటి మనిషి, గంతే" అని చెబుతున్నాడు.

సాయంత్రం అల్లుడి నాలుగు మట్టలూ వాలిపోయాయి. గడులు నింపాను. బతికినవి: 29. పోయినవి: 2.

ఆషాఢం 2
పొద్దుటి చలి: లేదు. బతికినవి: 29. పోయినవి: 2.
ఇతర విషయాలు:

గింజలు నాలుగు వందల పన్నెండు. పండ్లు జనం తిన్నారు, గింజలు తిరిగి ఇవ్వాలన్న షరతు మీద. సాయమ్మ ఒకటి మింగేసింది, అది లెక్కలో లేదు. రెండు వందలు సీలు వేసి మీకు పంపిస్తున్నాను సారూ. ఇకమీదట ఆలుగడ్డల కాగితం మళ్ళీ పంపకండి, మామ దాన్ని చింపి పొయ్యిలో వేశాడు.

మిగతావి ఇక్కడే నాటుతున్నాం. మొదట అల్లుడి డ్రమ్ములో. పాత మొదలు తవ్వి తీశాక, మామ తువ్వాలు విప్పి ఆ ఎండిన మొవ్వునూ లొట్టి పెంకుల్నీ అడుగున వేశాడు. పెంకులు నీళ్ళు నిలవకుండా ఉండటానికట.

మొలిచేవాటిలో ఏది మగదో, ఏది ఆడదో పూత పూసేదాకా తెలియదు. ఐదారేళ్ళు పడుతుంది. ఆ సంగతి మామకు గుర్తుచేశాను. ఆయనకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది.

"ఐదేండ్లేనా?" అన్నాడు. "అయితే మోకు నాననియ్యాలె, ఎక్కాలె గద."

కార్తీక పున్నమికి మట్టలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు గానీ, కత్తి మాత్రం ఆయన నడుముకే ఉంది. ఇనప్పెట్టె తాళం చెవి కూడా ఆయన మొలతాడుకే కట్టాను. ఈ పుస్తకం కావాలంటే ఇప్పుడు రోజూ పొద్దున నేను ఆయన్ని అడగాలి. ముందు మొలకలొచ్చాయేమో చూసి రమ్మంటాడు, ఆ తర్వాతే ఇస్తాడు.